స్టోరు ఒక కౌంటీలో, ఓటు ఇంకో కౌంటీలో

2024 అక్టోబరులో, అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికకి ముందు, జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. ఈ జవాబు అప్పటిది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. కౌంటీ పేరు లేకపోతే నా జవాబు సగం అర్థం కాదు కాబట్టి దానికి మాత్రం ఒప్పించాను. 2004లో భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చారట. గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్ల తరబడి నిలబడి, 2024 మార్చిలో సిటిజన్‌షిప్ ప్రమాణం చేశారు. 2024 నవంబరు 5 ఎన్నికలో వేయబోయేది ఈ దేశంలో ఆమె మొదటి ఓటు. "ప్రమాణానికి పట్టుచీర కట్టుకుని వెళ్లానండీ. ఆ ఓటే ఇప్పుడు మా ఇంట్లో కుంపటి అయింది" అని మొదలుపెట్టారు.

భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి అట్లాంటాకి అవతలివైపు వేరే కౌంటీలో ఒక గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు, దాంతోపాటు స్టోరు) కొన్నారు. 2022 చలికాలంలో ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు స్టోర్లోకి వచ్చి ఆయన కణతకి పిస్తోలు ఆనించి గల్లా ఊడ్చుకుపోయారు. ఐదు నెలల తర్వాత మళ్లీ అదే. ఒకడు దొరికాడు, కొన్ని వారాలకే బెయిలు మీద బయటికొచ్చాడు, కేసు ఇంకా విచారణకి రాలేదు. అప్పట్నుంచి ఈయన కూడా కౌంటర్ కింద పిస్తోలు పెట్టుకుంటున్నారు. రాత్రి రెండింటికి లేచి ఫోన్లో స్టోరు కెమెరాలు చూసుకుంటున్నారు. ట్రంప్ వస్తే తప్ప ఈ దొంగలకి భయం ఉండదని ఆయన నమ్మకం. "వాళ్లంతా ఇంతే" అనే మాట కూడా ఈ మధ్య తరచుగా వస్తోందట. అమ్మాయి అట్లాంటాలో కాలేజీ రెండో సంవత్సరం. బెయిలు డబ్బు కట్టలేక జైల్లో మగ్గేవాళ్ల తరఫున పనిచేసే విద్యార్థులతో తిరుగుతోంది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు అన్నం దగ్గర మాటా మాటా పెరిగి, "మీ భయానికి అసలు పేరు రేసిజం, డాడీ" అనేసింది. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. "దానికి చెప్పు, నాన్నకి చెప్పు అంటూ అన్నీ నా మీదుగానే. నేను పోస్టాఫీసునయ్యాను."

ఇది చాలదన్నట్టు భర్త ఇద్దరికీ మెయిల్ బ్యాలెట్లు (ఇంట్లోనే నింపి పోస్టులో పంపేవి) తెప్పించారు. ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇద్దరం ఒకలాగే నింపి పంపేద్దాం అంటున్నారు. ఆమె తన కవరు విప్పకుండా పూజగదిలో పెట్టేశారు. ఆమె అడిగినవి ఇవి: నేరాలు, కోర్టులు, పౌరహక్కుల విషయంలో ట్రంప్‌నీ హారిస్‌నీ ఎలా పోల్చి చూడాలి? భర్త చెప్పినట్టు కాకుండా ఓటేస్తే అది ఆయన్ని మోసం చేసినట్టా? ఉత్తరం అడుగున ఇంకో చిన్న ప్రశ్న ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

అమ్మా, ముందు స్టోరు దగ్గరికే వెళ్దాం. మీ ఇంట్లో ప్రెసిడెంట్ ఎన్నిక మొదలైంది అక్కడే కదా.

ఆ కుర్రాణ్ణి పట్టుకున్నది స్థానిక పోలీసులు. బెయిలు ఇచ్చింది ఆ కౌంటీ జడ్జి. కేసు నడపాల్సింది ఆ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్. దోపిడీకి శిక్ష ఎంతో రాసిపెట్టింది జార్జియా శాసనసభ. ఈ వరసలో వైట్‌హౌస్ ఎక్కడా లేదు. పైనుంచి ఒక ఫోన్ వస్తే ఎస్పీ దగ్గర్నుంచి ఎస్సై దాకా కదులుతారన్న అలవాటు మన బుర్రల్లోంచి ఇరవై ఏళ్లయినా పోదు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీని కుర్చీలో కూర్చోబెట్టేది ఆ కౌంటీ ఓటర్లు. దేశం మొత్తమ్మీద పోలీసు, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) విభాగాలూ అలాంటివీ కలిపి 18,000 దాకా ఉన్నాయి, దేనికది. కటకటాల వెనక ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది దాకా రాష్ట్రాల జైళ్లలోనో కౌంటీ జైళ్లలోనో ఉన్నవాళ్లే.

ఇందులో ఇంకో చిక్కు చూశారా? మీ ఆయనకి కోపం ఉన్న డిస్ట్రిక్ట్ అటార్నీ స్టోరున్న కౌంటీకి చెందిన మనిషి. మీ ఓట్లు ఫోర్సైత్‌లో. ఆయన నొప్పికి మందు వేయగల ఆ ఒక్క కుర్చీ మీ బ్యాలెట్ మీద లేనే లేదు. అందుకే ఆ కోపమంతా పై వరస మీదికి, ప్రెసిడెంట్ పేరు మీదికి ఎక్కింది. పాపం, ఇంకెక్కడికి పోతుంది?

ఆ కుర్చీ ఎంత పెద్దదో చెప్పడానికి మీ చుట్టుపక్కల జరిగిందే చాలు. 2021 మార్చి 16న ఒకే మనిషి అట్లాంటా ప్రాంతంలో మసాజ్ స్పాల మీద కాల్పులు జరిపి ఎనిమిదిమందిని చంపాడు, ఆరుగురు ఆసియా సంతతి ఆడవాళ్లు. నలుగురు మీ పక్కనే ఉన్న చెరోకీ కౌంటీలో, నలుగురు ఫుల్టన్ కౌంటీలో చనిపోయారు. చెరోకీలో ఆ జులైకల్లా నేరం ఒప్పుకున్నాడు, పెరోల్ లేని యావజ్జీవం పడింది, అక్కడ కేసు ముగిసింది. ఫుల్టన్ డిస్ట్రిక్ట్ అటార్నీ అదే మనిషికి మరణశిక్ష కోరుతూ, ద్వేషంతో చేసిన నేరం కింద అదనపు శిక్ష కూడా అడిగారు. మనిషి ఒకడే, రోజూ ఒకటే, కౌంటీ గీత దాటగానే దారి మారిపోయింది. ఆ మధ్యలో ప్రెసిడెంట్ బైడెన్ ఆ మే నెలలో ఆసియన్లపై ద్వేష నేరాల నమోదుకి ఊతమిచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. సెనేట్‌లో 94 మంది ఔనన్నారు, కాదన్నది ఒక్కరే. మంచి చట్టమే, కానీ ఆ రెండు కేసుల నడకని అది మార్చలేదు.

మీ అమ్మాయికి చెప్పాల్సింది కూడా ఇదే. ఆమె మండిపడే బెయిలు సంగతి కూడా రాష్ట్రానిదే. 2024లోనే జార్జియా శాసనసభ మరో 30 నేరాలకి డబ్బు కడితేనే బెయిలు అని చట్టం చేసింది, గవర్నర్ కెంప్ మే నెలలో సంతకం పెట్టారు. హారిస్ గెలిచినా అది అలాగే ఉంటుంది. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది చనిపోయిన మన కర్నూలు జిల్లా అమ్మాయిని తలుచుకోండి. ఆ పోలీసు మీద క్రిమినల్ కేసు పెట్టబోమని నిర్ణయించింది అక్కడి కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసు. అప్పుడు వాషింగ్టన్‌లో ఉన్నది బైడెన్, హారిస్‌లే.

ఇక మీ ఆయన "నేరాలు పెరిగిపోయాయి" అంటే అమ్మాయి "తగ్గాయి" అంటోందన్నారు. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది. హత్యలు 2020లో ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం పెరిగాయి, అప్పుడు ప్రెసిడెంట్ ట్రంప్. 2023లో 11.6 శాతం తగ్గాయని 2024 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ చెప్పింది, అప్పుడు ప్రెసిడెంట్ బైడెన్. 2021లో ఎఫ్‌బీఐ లెక్కలు తీసుకునే పద్ధతి మార్చడంతో పెద్ద పెద్ద నగరాలే లెక్కలు పంపలేదు, ఆ ఏడాది అంకెలు ఎవరు చూపించినా నేను పక్కన పెడతాను. పోలీసుల దాకా వెళ్లని నేరాల కోసం ఇళ్లకి వెళ్లి అడిగే సర్వే ఇంకొకటుంది. అందులో హింసాత్మక నేరాలు 1,000 మందికి 2020లో 16.4, 2022లో 23.5, 2023లో 22.5. అంటే మీ ఆయన కణతకి పిస్తోలు తగిలిన ఏడాది ఆ సర్వే లెక్క నిజంగానే ఎక్కువగా ఉంది. (ఆ సర్వేలో హత్యలుండవు. పోయినవాళ్లని అడగలేరు కదా.) కరోనా, కొనుగోలు చేసిన తుపాకులు, మూతబడ్డ బడులు, ఇవన్నీ కలిసిన కాలాన్ని ఒక్క మనిషి ఖాతాలో రాయడం నాకు సబబుగా తోచదు, ఎవరి ఖాతాలోనైనా.

అలాగని ప్రెసిడెంట్ చేతులు ఖాళీగా ఏం ఉండవు. దేశంలో 93 మంది ఫెడరల్ ప్రాసిక్యూటర్లని నియమించేది ప్రెసిడెంటే. ఎఫ్‌బీఐ డైరెక్టరు, ఫెడరల్ మరణశిక్ష, ఫెడరల్ నేరాలకి క్షమాభిక్ష, జస్టిస్ డిపార్ట్‌మెంట్లో పౌరహక్కుల విభాగం ఆ చేతిలోవే. అన్నిటికన్నా పెద్దది జడ్జీల నియామకం. ఇద్దర్నీ ఈ జాబితా దగ్గర నిలబెట్టి చూడండి, టీవీ చర్చల్లో కంటే వేరేగా కనిపిస్తారు.

ట్రంప్ కఠినంగా ఉంటారని మీ ఆయన అంటున్నారు. ఒక విధంగా నిజమే. 2003 తర్వాత ఆగిపోయిన ఫెడరల్ ఉరిశిక్షల్ని (ఇక్కడ ఉరి కాదు సూది, మన అలవాటు మాట వాడాను) 2020 జులైలో మళ్లీ మొదలుపెట్టి, దిగిపోయేలోపు 13 మందికి అమలు చేశారు. ఈసారి మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లకి మరణశిక్ష అంటున్నారు, పోలీసులకి రక్షణ పెంచుతానంటున్నారు, పెద్ద ఎత్తున దేశం నుంచి పంపేయడం గురించి మాట్లాడుతున్నారు. కానీ 2018 డిసెంబరులో ఫెడరల్ ఖైదీల శిక్షలు తగ్గించే ఫస్ట్ స్టెప్ చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. ఈ సంగతి చెబితే మీ ఆయన ఆశ్చర్యపోతారు, అమ్మాయి కూడా. మరో పక్క, 2024 మే 30న న్యూయార్క్ జ్యూరీ ఆయన్ని 34 అభియోగాల్లో దోషి అంది. 2021 జనవరి 6న క్యాపిటల్ (పార్లమెంటు భవనం) మీద పడ్డవాళ్లకి క్షమాభిక్ష ఇస్తానంటున్నారు. ఆ రోజు దెబ్బలు తిన్న పోలీసులు 140 మంది దాకా ఉన్నారు. శాంతిభద్రతల కోసమే ఓటు అనే మనిషి ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆగి కూడా ఆయనకే వేయొచ్చు, అది వేరు.

హారిస్ పదమూడేళ్ల పాటు ప్రాసిక్యూటర్ల ఆఫీసులకి అధిపతిగా ఉన్న మనిషి. 2004 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీ, 2011 నుంచి 2017 దాకా కాలిఫోర్నియా అటార్నీ జనరల్. 2004లో ఒక పోలీసుని చంపిన కేసులో మరణశిక్ష కోరలేదు, పోలీసులు భగ్గుమన్నారు. అదే మనిషి 2014లో కాలిఫోర్నియా మరణశిక్ష చెల్లదని ఒక ఫెడరల్ జడ్జి అంటే, రాష్ట్రం తరఫున అప్పీలుకి వెళ్లారు. పిల్లలు బడి ఎగ్గొడితే తల్లిదండ్రుల మీద కేసు పెట్టొచ్చన్న చట్టాన్ని భుజాన వేసుకున్నారు. మీ అమ్మాయి స్నేహితుల్లో ఎవరూ దాన్ని మెచ్చుకోరు. 2020 జూన్‌లో మినియాపొలిస్ ఆందోళనల్లో అరెస్టయినవాళ్ల బెయిలు నిధికి చందాలివ్వమన్నారు, దాన్ని మీ ఆయన మెచ్చుకోరు. ఇప్పుడు ఎసాల్ట్ తుపాకుల నిషేధం కావాలంటున్నారు, తనకీ తుపాకీ ఉందంటున్నారు. నన్నడిగితే, ఆమె ఎటు నుంచి చూసినా సగమే నచ్చే ప్రాసిక్యూటర్. ట్రంప్ తన పక్షం వాళ్లమీద ఒక కొలత, పరాయివాళ్లమీద ఒక కొలత వాడే కఠినుడు. ఇది నా అభిప్రాయం, మీది వేరుగా ఉండొచ్చు.

కోర్టుల దగ్గర మాత్రం కాస్త కూర్చోవాలి. నాలుగేళ్లకి వేసే ఓటు ముప్పై ఏళ్లు పనిచేసేది అక్కడే. ట్రంప్ మొదటి నాలుగేళ్లలో సుప్రీంకోర్టుకి ముగ్గుర్ని పంపారు: గోర్సచ్, కావనా, బారెట్. బైడెన్ ఒక్కర్ని, కేతాంజీ బ్రౌన్ జాక్సన్‌ని. తొమ్మిదిమందిలో పెద్దాయన క్లారెన్స్ థామస్, మీ జార్జియాలోని పిన్ పాయింట్‌లో పుట్టిన మనిషి, 2024లో 76 ఏళ్లు. అలిటోకి 74, సోటోమేయర్‌కి 70. జీవితాంతం పదవి కాబట్టి వచ్చే నాలుగేళ్లలో ఖాళీ వస్తుందో రాదో చెప్పలేం, వస్తే ఎవరు నింపుతారన్నది మాత్రం ఈ ఓటే. సుప్రీంకోర్టు విచారించే కేసులు ఏడాదికి పదుల్లోనే. మిగతావన్నీ కింది ఫెడరల్ కోర్టుల్లో ముగిసిపోతాయి. జార్జియా మీద తీర్పు చెప్పే అట్లాంటాలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, పదకొండో సర్క్యూట్‌లో 12 మంది జడ్జీలుంటే ఆరుగురు ట్రంప్ నియమించినవాళ్లు. హారిస్ సుప్రీంకోర్టు జడ్జీలకి 18 ఏళ్ల పరిమితి, తప్పనిసరి నియమావళి అనే బైడెన్ ప్రతిపాదనని సమర్థిస్తున్నారు. కాంగ్రెస్ కలిసిరాకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

దీని ఫలితం మీ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 2022లో గర్భస్రావ హక్కు మీద తీర్పు తిరగబడ్డాకే జార్జియాలో ఆరు వారాల నిషేధం అమల్లోకి వచ్చింది. మీకు పందొమ్మిదేళ్ల కూతురుంది. 2023లో కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని అదే కోర్టు అంది. మీ అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడని, ఆ తీర్పు విని మీ ఆయన స్వీట్లు పంచారని రాశారు. ఒకే బెంచి, ఒకే ఇంట్లో ఒకరికి దుఃఖం, ఒకరికి పండగ. ఇందులో ఎవరి బాధా, ఎవరి సంతోషమూ దొంగది కాదు.

పౌరహక్కుల మాట వచ్చేసరికి మీరు ఉంటున్న నేల గురించి చెప్పకుండా ఉండలేను. 1912లో ఫోర్సైత్ కౌంటీ నుంచి వెయ్యిమందికి పైగా నల్లజాతి వాళ్లని, దాదాపు ఒక్కరు కూడా మిగలకుండా, తరిమేశారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ చిన్న బృందంతో అక్కడ ఊరేగింపు తీస్తే రాళ్లు పడ్డాయి. సరిగ్గా వారానికి 20,000 మంది వచ్చి నడిచారు. ఇప్పుడు అదే కౌంటీలో బతుకమ్మలు ఆడుతున్నాం, సంక్రాంతి ముగ్గులు పెడుతున్నాం. అంతకుముందు 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారంది. 1946లో పౌరసత్వానికి తలుపు తెరిచారు, వలస రావడానికి మాత్రం ఏడాదికి 100 మందికే. అసలు తలుపు తెరుచుకున్నది 1965లో. నల్లజాతి వాళ్ల ఓటు హక్కు చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన రెండు నెలలకే వలస చట్టం మీదా పెట్టారు. ఒకే ఉద్యమపు వేడిలో రెండూ రూపుదిద్దుకున్నాయి. మీ ఆయన "వాళ్లంతా ఇంతే" అన్నప్పుడు ఈ సంగతి చెప్పండి. వాదనగా వద్దు. మనం వచ్చిన దారి ఎవరు వేశారో చెబుతున్నట్టు, కాఫీ ఇస్తూ.

పౌరహక్కుల విషయంలో ట్రంప్, హారిస్‌ల మధ్య తేడా పెద్దది. మీ రాష్ట్రంలో 2021లో వచ్చిన ఎన్నికల చట్టాన్నే తీసుకోండి, లైన్లో నిలబడ్డవాళ్లకి దగ్గర్లో ఎవరూ మంచినీళ్లు కూడా పంచకూడదన్న చట్టం. బైడెన్ జస్టిస్ డిపార్ట్‌మెంట్ దాని మీద జార్జియాని కోర్టుకి లాగింది. పౌరహక్కుల విభాగం ఎవరి మీద కేసు వేస్తుందన్నది ప్రెసిడెంట్‌తో మారిపోతుంది. హారిస్ ఓటు హక్కు చట్టానికి మళ్లీ పదును పెట్టే బిల్లుని సమర్థిస్తున్నారు. ట్రంప్ మొదటిరోజే జన్మతః పౌరసత్వం మీద ఆర్డర్ ఇస్తానంటున్నారు, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులో చట్టబద్ధ నివాసులో అయితేనే బిడ్డకి పౌరసత్వమట. రాజ్యాంగం 14వ సవరణా, 1898 నాటి సుప్రీంకోర్టు తీర్పూ అడ్డున్నాయి కాబట్టి అదీ చివరికి కోర్టుకే చేరుతుంది. హెచ్-1బీ మీద ఉండి కడుపుతో ఉన్న మీ స్నేహితురాళ్లకి ఇప్పటికే గుబులు పట్టుకుని ఉంటుంది. అయితే అమ్మాయికి ఇది కూడా చెప్పండి: 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో "మా దేశం నుంచి పొండి" అంటూ మన హైదరాబాద్ ఇంజినీర్ని కాల్చి చంపినవాడి మీద ఫెడరల్ ద్వేష నేరం కేసు నడిపి యావజ్జీవ శిక్షలు వేయించింది ట్రంప్ హయాంలోని జస్టిస్ డిపార్ట్‌మెంటే. ఆ చట్టం 2009లో ఒబామా సంతకం పెట్టింది. ఒకరు చేసిన చట్టం, ఇంకొకరి కాలంలో పనికొచ్చింది.

ఇంత చెప్పి ఎవరికి వేయాలో చెప్పలేదని విసుక్కుంటున్నారేమో. చెప్పను. మీకు ఏది ఎక్కువ బరువు తూగుతుందో నాకెలా తెలుస్తుంది? ఒక్కటి మాత్రం చేయండి. బ్యాలెట్‌ని కింద నుంచి పైకి చదవండి. షెరీఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ, శాసనసభ్యుడు ముందు, ప్రెసిడెంట్ చివర. కింద ఒక పార్టీకీ పైన ఒక పార్టీకీ వేయొచ్చు. ఏ గడైనా ఖాళీ వదిలేసినా మిగతా ఓట్లు చెల్లుతాయి. 2020లో జార్జియా తేలింది 11,779 ఓట్ల తేడాతో అని మాత్రం గుర్తుంచుకుని ఖాళీ వదలండి.

ఇప్పుడు ఆ డైనింగ్ టేబుల్. ఆయన చెప్పినట్టు ఇద్దరూ ఒకలాగే నింపితే ఆదివారం ప్రశాంతంగా గడుస్తుంది. ఆయనకి రెండు ఓట్లొస్తాయి, మీకు సున్నా. వచ్చే ఎన్నికకి అది ఆనవాయితీ అవుతుంది, మీ అమ్మాయి అది చూస్తూ ఉంటుంది. రెండో దారి, చెప్పకుండా వెళ్లి ఎర్లీ ఓటింగ్‌లో వేసేయడం. మీ కవరు తీసుకెళ్లి అక్కడ అప్పగిస్తే దాన్ని రద్దు చేసి మెషీన్ దగ్గరికి పంపుతారు, నవంబరు 1 దాకా టైముంది. కానీ ఒక సంగతి తెలుసుకుని చేయండి. ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు గానీ, ఎప్పుడు ఏ పద్ధతిలో వేశారో జార్జియా రికార్డుల్లో కనిపిస్తుంది. కెమెరాలు చూసుకునే మనిషి అది కూడా చూడగలడు. అప్పుడు ఓటు కన్నా దాపరికమే పెద్ద గొడవవుతుంది.

మూడోది ముందే చెప్పేయడం. "మొదటి ఓటు కదండీ, వెళ్లి నా చేత్తో వేసి వస్తాను" అని. ఎవరికి అని అడిగితే నవ్వి ఊరుకోండి. రెండు మూడు రోజులు ముభావంగా ఉంటారు, భరించగలరనుకుంటున్నాను. ఇరవై ఏళ్లు కాపురం చేశారు, ఆయన అలక ఎన్ని రోజులుంటుందో నాకన్నా మీకే తెలుసు.

మోసమా అని అడిగారు. మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్లో ఇంటి ఓట్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెయ్యి గుర్తు వాళ్లకి మాటిచ్చేవారు. మా అమ్మ "అలాగేనండీ" అనేది. 1983లో సైకిలుకి వేశానని పోయే ముందు ఏడాది నాతో చెప్పింది. "మీ నాన్నకి చెప్పకు, బాధపడతాడు" అంది. అప్పటికి నాన్నగారు పోయి పదేళ్లు. మోసం చేసిన మనిషి అంత జాగ్రత్తగా ఆయన బాధ గురించి ఆలోచించదమ్మా. కాకపోతే మా అమ్మకి ఆ మాట నాన్నగారు బతికుండగా చెప్పే వీలు లేకపోయింది. మీకు ఉంది.

తండ్రీకూతుళ్ల సంగతికి ఓటుతో పనిలేని దారి ఒకటుంది. 2018లో జార్జియా ఓటర్లు నేర బాధితుల హక్కుల్ని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చుకున్నారు. నిందితుడు విడుదలైతే, వాయిదా పడితే, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే బేరసారాలు జరిగితే, మీ ఆయన కోరితే ఆయనకి తెలియజేయాలి. కోర్టులో ఆయన మాట వినాలి. దానికి స్టోరున్న కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో బాధితుల సాయానికి మనుషులుంటారు. ఆయన ఎప్పుడైనా వాళ్లకి ఫోన్ చేశారా? మీ ఉత్తరంలో లేదు, చేసి ఉండరనే అనుకుంటున్నాను. ఆ కోర్టుల భాష మీ ఇంట్లో తెలిసింది ఒక్కరికే, మీ అమ్మాయికి. బెయిలు విచారణ ఎలా జరుగుతుందో, ఎక్కడ కూర్చోవాలో, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో ఆమెకి తెలుసు. "నాన్నని ఒకసారి ఆ ఆఫీసుకి తీసుకెళ్లు" అని అడగండి. ఒప్పుకుంటుందో లేదో తెలీదు. ఒప్పుకుంటే ఆ అమ్మాయి మొదటిసారి బాధితుడి పక్కన కూర్చుని ఒక కేసుని చూస్తుంది, ఆ బాధితుడు వాళ్ల నాన్న. ఆయన కూడా ఆ కోర్టులో బెయిలు కట్టలేక కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తారు. దీనివల్ల ఎవరి ఓటూ మారకపోవచ్చు. రాత్రి రెండింటికి లేవడం తగ్గకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అది రాజకీయం కాదు.

మీ పోస్టాఫీసు ఇవాళ్టి నుంచి మూసేయండి. "నాన్నకి చెప్పు" అంటే "నంబరు ఇస్తాను, నువ్వే చెప్పు" అనండి.

ఇక అడుగున మీరు బిడియంగా రాసిన ప్రశ్న: వెళ్లి వేసొస్తానంటే, "సరే, ఫోటో తీసి పంపు" అని ఆయన అంటే ఏం చేయాలి? జార్జియాలో ఓటేసిన బ్యాలెట్‌ని గానీ ఆ మెషీన్ తెరని గానీ ఫోటో తీయడం నేరం. పైన చెప్పిన మంచినీళ్ల చట్టం ఉంది చూశారూ, మీ అమ్మాయి తిట్టిపోసే ఆ 2021 చట్టం, ఈ నిబంధన అందులోదే. శాంతిభద్రతల మనిషి కదా మీ ఆయన, చట్టం ఒప్పుకోదండీ అని చెప్పండి.